మంచం పట్టేంత దారి

మిలెంబె రాళ్లు కొట్టి బతికేది. సరస్సు ఒడ్డున ఉన్న మ్వాంజా ఊళ్లో మా ఇబాంబ కొండంతా బండలే. ఇంటికీ ఇంటికీ మధ్య గోడ ఉండాల్సిన చోట ఇంటంత బండ ఉంటుంది. కొండ వెనక వైపున బండ మీద మంట పెట్టి, అది బాగా కాగాక నీళ్లు కుమ్మరిస్తే పెటిల్లున పగులుతుంది. ఆ పెచ్చుల్ని సుత్తితో కంకర చేసి, నెత్తిన మోసి రోడ్డు పక్కన కుప్ప పోస్తే లారీల వాళ్లు ఎత్తుకుపోతారు. మొగుడు చేపల పడవలో సరస్సు మీదికి వెళ్లి తిరిగి రాకపోయిన ఏడాది నుంచి ఆమె పని అదే. ఇద్దరాడపిల్లల్ని ఆ సుత్తితోనే పెంచి పెళ్లిళ్లు చేసింది.

మా దగ్గర ప్రతి పదిళ్లకూ ఒక పెద్ద ఉంటారు. తగాదా వచ్చినా, దొంగ పడినా, కొత్తవాళ్లు అద్దెకు దిగినా ముందు వాళ్లకే చెప్పాలి. జీతం ఉండదు, తిట్లు మాత్రం దండిగా ఉంటాయి. మా వరసలో పాత పెద్ద పోయాక ఆ పని నెత్తినేసుకోవడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. "మిలెంబె గొంతు కొండ కింద దాకా వినబడుద్ది, ఆమెనే పెట్టండి" అని ఎవరో నవ్వులాటకు అన్నారు. అందరూ నవ్వారు. ఆమె మాత్రం లేచి నిలబడింది.

"సరే, ఉంటా. కానీ నేను పిలిస్తే రావాలి. రానోళ్ల ఇంటికొచ్చి పొయ్యి దగ్గర కూచుంటా."

నేను ఆమె పక్కింట్లోనే కుట్టు మిషను పెట్టుకుని ఉండేదాన్ని. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా కళ్లారా చూసిందే.

కొండ నడుమ నుంచి ఒక వంక దిగుతుంది. ఎండాకాలంలో అది రాళ్ల దారి, వానాకాలంలో నీళ్ల దారి. దాని గట్టు మీద నుంచే మా కాలిబాట. బడికైనా, కుళాయికైనా, ఆసుపత్రికైనా అదొక్కటే. వాన మొదలైతే చాలు, పైనున్న మేమంతా చెత్త తెచ్చి వంకలో పడేసేవాళ్లం. వానే తీసుకుపోతుంది కదా అని. ఎక్కడికి తీసుకుపోతుందో మాకు పట్టేది కాదు.

కింద ఉన్నవాళ్లకు పట్టేది. రోడ్డు కింద తూము పూడిపోయి నీళ్లు వాళ్ల ఇళ్లలోకి ఎక్కేవి. అక్కడి పదిళ్ల పెద్ద సెఫు. సరస్సు ఒడ్డున పడవలు కట్టే మనిషి, కిగోమా వైపు నుంచి వచ్చిన హా జాతివాడు. మా సుకుమా వాళ్లకూ హా వాళ్లకూ తాతల నాటి నుంచి మేలమాడుకునే వరస. మొహం మీద ఎంత మాటన్నా కోపం తెచ్చుకోకూడదు. ఒక రోజు ఆయన బుట్టెడు చెత్త నెత్తిన పెట్టుకుని ఆయాసపడుతూ కొండెక్కి, మిలెంబె వాకిట్లో బోర్లించాడు. ప్లాస్టిక్ సంచులు, కోడి ఈకలు, ఒక తెగిన చెప్పు.

"ఏమ్మా, రాళ్ల రాణీ! మీరు పంపిన సామాన్లు అందినై. తిరిగి పంపుదామంటే బండి దొరకలా, నేనే మోసుకొచ్చా."

కంకర కొడుతున్న మిలెంబె సుత్తి ఆపలేదు. "వాన దేవుడిది, పల్లం దేవుడిది. మధ్యలో మమ్మల్నంటావేంది పెద్దాయనా? పల్లంలో ఇల్లు కట్టుకోమని నీకు నేను చెప్పానా?"

"మరి ఈ చెప్పు కూడా దేవుడిదేనా? ఎడమకాలిది. కుడికాలిది మీ దగ్గరే ఉండుద్ది చూడు, పాపం ఆయన ఒంటి చెప్పుతో తిరుగుతున్నాడు."

మేమంతా పగలబడి నవ్వాం. సెఫు కూడా నవ్వాడు. పోతూ పోతూ మాత్రం గొంతు తగ్గించి, "నవ్వుతానే చెబుతున్నాలే గానీ, మా అమ్మాయి ఇంట్లో మోకాటి లోతు నీళ్లమ్మా" అన్నాడు. మిలెంబె "చూద్దాం" అంది. చూద్దాం అంటే ఏమిటో మా కొండ మీద అందరికీ తెలుసు.

ఆ ఏప్రిల్‌లో మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దున, మొక్కజొన్న పిండి ఉగాలికి ఎసరు పెట్టే వేళకు, మా వరసలోనే ఉండే హోలోకు నొప్పులొచ్చాయి. తొలిచూలు పిల్ల, నెలలు ఇంకా పూర్తిగా నిండలేదు. మొగుడు మబూల, ఇంకో ముగ్గురు మగవాళ్లు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తుకున్నారు. ముందు మిలెంబె, వెనక నేను. సగం దూరం దిగామో లేదో, దారి లేదు. వంక గట్టు దాటి పొర్లుతోంది, బాటను కోసుకుపోయింది. కాలు పెట్టినచోటల్లా జారిపోతోంది. మబూల రెండుసార్లు మోకాళ్ల మీద పడ్డాడు. పైకి పోదామంటే వెనక కూడా నీళ్లు కమ్మేశాయి.

ఒక బండ చాటున టార్పాలిన్ పట్టుకుని నిలబడిపోయాం. రెండు గంటలు. బిడ్డ అక్కడే పుట్టింది, ఆడపిల్ల. మిలెంబె తన నడుముకు చుట్టుకున్న కిటెంగె గుడ్డ విప్పి చుట్టింది, నోటితో ఊపిరి ఊదింది, అరికాళ్లు రుద్దింది. ఆ పిల్ల ఒక్కసారి పిల్లికూన లాగా మూలిగి ఊరుకుంది. హోలోకు నెత్తురు ఆగడం లేదు. అప్పుడు మిలెంబె బండ మీదికెక్కి అరిచింది. ఆమె గొంతు కొండ కింద దాకా వినబడుతుందన్న మాట ఆ రోజు నిజమైంది. సెఫు, ఆయన పనివాళ్లూ పడవలు లాగే మోకులు భుజాన వేసుకుని ఎక్కివచ్చారు. బండకూ బండకూ మోకు కట్టి, దాన్ని పట్టుకుని హోలోను అంగుళం అంగుళం దించారు. హోలో బతికింది. బిడ్డను ఆ సాయంత్రమే మట్టిలో పెట్టాం.

మర్నాడు వాన తెరిపిచ్చింది. మిలెంబె పనికి పోకుండా ఒక్కతే వంక వెంబడి దిగింది. నీళ్లు గట్టు ఎందుకు దాటాయో చూద్దామని. సగం దూరంలో రెండు బండల సందున చెత్త గోడ లాగా బిగుసుకుపోయి ఉంది. దాని వల్లే నీరు ఎదురుతన్ని బాట మీదికి తిరిగింది. కర్రతో కెలికి చూస్తే అడుగున ఒక పరుపు. పరుపు మూలన ఎర్రగళ్ల అతుకు.

ఆమె అక్కడే కూలబడింది. ఆ అతుకు నేను కుట్టిందే. కుట్టించుకున్నది ఆమే. మొగుడు పడుకున్న పరుపు. కళ్లెదుట ఉంటే గుండె బరువని, కిందటేడు వానల్లో తనే తెచ్చి వంకలో తోసింది.

ఇంటికొచ్చి నాకు ఒక్కదానికే చెప్పింది. నేను భయపడి, "ఎవరికీ చెప్పకక్కా, ఎవరు చూశారు గనక? అందులో అందరి చెత్తా ఉందిగా" అన్నాను.

"అడుగున ఉంది నాదే. నాది ఇరుక్కోబట్టే మిగతాది ఆగింది" అంది. ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆదివారం బడి ఆవరణలో సమావేశం పెట్టించింది. పైన నలుగురు పదిళ్ల పెద్దలు, కింద ముగ్గురు, వాళ్ల ఇళ్లవాళ్లూ వచ్చారు. వీధి అధ్యక్షుడు లేచి నాలుగు మాటలు మాట్లాడాడు. ఆ తరువాత ఎప్పటిలాగే మొదలైంది. తప్పు పైవాళ్లదని కిందివాళ్లు, తూము చిన్నదని పైవాళ్లు. మిలెంబె లేచి నడిచి వెళ్లి, గోనెసంచి కప్పి ఉంచిన పరుపును మధ్యకు ఈడ్చింది. నీళ్లు పీల్చి అది దున్నపోతంత బరువుంది.

"ఇది నాది. నేనే వంకలో వేశా. దీనివల్లే నీళ్లు దారి మీదికొచ్చినై. దారి పోబట్టే హోలో దిగలేకపోయింది." ఆమె మబూల వైపు తిరిగింది. "నీ బిడ్డ పోవడంలో నా చెయ్యి ఉంది, మబూలా. కాదని నేను అనను. నువ్వేమన్నా పడతా."

మబూల లేచాడు. కొడతాడేమో అనుకున్నాం. ఆమె మొహంలోకి చూసి, పరుపు పక్క నుంచి నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

మిలెంబె మాత్రం కూర్చోలేదు. "నేను చెప్పేది రెండే మాటలు. ఈ రోజు నుంచి వంకలో ఎవరూ ఏదీ వెయ్యకూడదు. ఆ పక్కనే దారి కడదాం, రాతి మెట్లతో. నలుగురు మంచం మోసుకుని వానలో జారకుండా దిగేంత వెడల్పున. రాయి నేను కొడతా. వచ్చేవాళ్లు రండి, రానివాళ్ల ఇంటికి నేనే వస్తా."

మొదట లేచింది సెఫు. "రాయి ఉంటే సరిపోద్దా? పట్టుకోడానికి ఊతం వద్దా? మోకులు, గుంజలు నావి. కానీ ఒక్క షరతు. ఆ సుకుమా పెళుసు రాళ్లు పెట్టావంటే మాత్రం నేను కాలు పెట్టను."

"నీ పడవలకన్నా గట్టివేలే పెద్దాయనా, కనీసం మునగవు" అంది మిలెంబె. ఆ వారంలో ఆమె నోట వేళాకోళం రావడం అదే మొదలు.

ప్రతి శనివారం పని. ఏడుగురు పెద్దలూ వంకను ఏడు ముక్కలుగా పంచుకున్నారు. ఎవరి ముక్క వాళ్లు పూడిక తీయాలి, మెట్లు పేర్చాలి. రాళ్లు కొట్టే ఆడవాళ్లు పలకల్లాంటి పెచ్చులు ఏరి పక్కన పెట్టేవారు. గోనెల్లో కిందికి దింపిన చెత్తను రోడ్డు మీద నుంచి తీసుకుపోవడానికి ఒక తోపుడు బండి కుదిరింది. మొదటి వారం యాభై మంది వచ్చారు, మూడో వారానికి పద్దెనిమిది మంది. మిలెంబె అన్నంత పనీ చేసింది. రానివాళ్ల ఇంటికెళ్లి పొయ్యి దగ్గర ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. తిట్టలేదు, అరవలేదు. అంట్లగిన్నెల వంక చూస్తూ కూర్చునేది. అరగంటకు వాళ్లే పార పట్టుకుని బయల్దేరేవారు.

మొండికేసింది ఒక్కడు, కిలాసా. వంక మీదికి జరిగి మేకల దొడ్డి కట్టుకున్నాడు. సరిగ్గా మెట్లు తిరగాల్సిన చోట. "నా దొడ్డి ఇరవయ్యేళ్ల నుంచి ఉంది, కావాలంటే మీ దారే పక్కకి జరుపుకోండి" అన్నాడు. పక్కన ఉన్నదేమో కదలని బండ. మర్నాటి నుంచి మిలెంబె, సెఫు పొద్దున్నే వెళ్లి అతని గడపలో కూర్చునేవారు. కిలాసా మాట ఎత్తేవారు కారు. ఒకళ్లనొకళ్లు ఎగతాళి చేసుకునేవారు.

"మీ హా వాళ్లు ఉప్పు నంజుకుని నీళ్లు తాగి విందు చేశామంటారంట కదా?"

"మీ సుకుమా వాళ్లలాగా ఆవును పక్కలో పడుకోబెట్టుకోం లే."

కిలాసా పెళ్లాం నవ్వాపుకోలేక లోపలికి పరుగెత్తేది. మర్యాదకు టీ కూడా ఇవ్వాల్సి వచ్చేది. ఎనిమిదో రోజు ఆమె టీ గ్లాసులకు బదులు గునపం పట్టుకొచ్చింది. "వీళ్లకు టీ కాచి కాచి నా చేతులు పడిపోయినై. మేకల్ని పెరట్లో కట్టేస్తా, నువ్వు పీకుతావా, నన్ను పీకమంటావా?" అని మొగుణ్ణి అడిగింది. కిలాసా గునపం అందుకున్నాడు.

మబూల శనివారాలు రాలేదు. మిలెంబె అతని గడపలో మాత్రం పీట వెయ్యలేదు. పని మొదలైన ఐదో నెలలో ఒక పొద్దున, వంకకూ మెట్లకూ మధ్య ఆమె అడ్డుగోడ పేరుస్తుంటే వెనక నుంచి ఒక చెయ్యి రాయి అందించింది. తిరిగి చూస్తే అతనే. "అది నిలవదు, ఇది పెట్టు" అన్నాడు. సాయంత్రం దాకా రాళ్లందించాడు. మరుసటి వారం హోలో కూడా వచ్చింది. కొంగున కట్టుకొచ్చిన వేయించిన వేరుశెనక్కాయలు అందరికీ పంచి, మిలెంబె దోసిట్లో ఇంకో గుప్పెడు ఎక్కువ పోసింది. మిలెంబె మొహం అటు తిప్పుకుంది.

నవంబరు వానలకు ముందే మెట్లు పూర్తయ్యాయి. నూట నలభై ఒక్క మెట్టు. పక్కనే సెఫు మోకుల ఊతం. మిలెంబె మాత్రం ఒప్పుకోలేదు. "మంచం దిగాలి, అప్పుడే అయినట్టు" అంది. బరువైన మనిషి ఎవరని వెతికితే సెఫే దొరికాడు. ఆయన్ను నులకమంచం మీద పడుకోబెట్టి, మెట్ల మీద బిందెలతో నీళ్లు గుమ్మరించి నలుగురూ దించారు. "నెమ్మదిరా నాయనా, ఇంకా బతికే ఉన్నా!" అని ఆయన దారంతా కేకలు. ముప్ఫయ్యో మెట్టు దగ్గర మలుపులో మంచం కోడు గోడకు రాసుకుంది. ఆ గోడ విప్పి జానెడు వెనక్కి జరిపి మళ్లీ కట్టించింది. సెఫును మళ్లీ మంచమెక్కించింది.

వానలొచ్చాయి. కింద రెండిళ్లలోకి ఇంకా చీలమండల దాకా నీళ్లు వస్తూనే ఉన్నాయి, తూము నిజంగానే చిన్నది. దాని కోసం ఏడుగురు పెద్దలూ కలిసి అర్జీ పట్టుకుని మునిసిపాలిటీ మెట్లెక్కారు. ఇప్పటికీ ఎక్కుతూనే ఉన్నారు. కానీ బాట మాత్రం తెగలేదు.

డిసెంబరులో, జోరున కురుస్తున్న మధ్యాహ్నం, బండ మీద నుంచి జారి కిలాసా తుంటి విరిగింది. మంచం మీద వేసుకుని నలుగురు బయల్దేరారు, ముందు కోడు పట్టింది మబూల. ఎవరూ జారలేదు. పావుగంటలో రోడ్డు మీదున్నారు. మిలెంబె వాళ్ల వెంట దిగలేదు. వానలో తడుస్తూ మెట్టు మెట్టుకూ ఆగి, నీళ్లు ఎక్కడ పైకి చిమ్ముతున్నాయో చూసుకుంటూ నిలబడింది. తొంభయ్యో మెట్టు దగ్గర గోడ ఇంకో బెత్తెడు లేవాలని తేల్చుకుంది. మర్నాడు తెల్లవారగానే కొండ వెనక నుంచి సుత్తి చప్పుడు వినిపించింది.