డబ్బా మీద లేని మాట

మా అక్క యాదమ్మ ఈ నెల ఇరవై రెండున ఒక సభలో మాట్లాడబోతోంది. ఆ మాటల్లో ఒకటి అబద్ధం... ఆ అబద్ధం నాది. అక్క నోటి నుంచి అది బయటికి రాకముందే చెప్పేయాలని ఇప్పుడు రాస్తున్నాను.

మా చిన్నప్పుడు... కోస్గిలో మా రేకుల ఇంటి అరుగు మీద నాలుగు మీటల ఆట ఒకటి మోగుతూ ఉండేది. తొంభైల చివరి సంగతి. నేను నాలుగో తరగతి. అక్క నాకంటే రెండేళ్ళు పెద్ద. పసితనంలో తట్టు పోసి తనకు చూపు పోయింది. బాపు గంజిలో, అంటే ధాన్యం మార్కెట్లో, మూటలు మోసే హమాలీ, అమ్మ కూలికి పోయేది. నేను బడి నుంచి రాగానే అక్క నా సంచి తీసుకుని, పుస్తకాలు ఒక్కొక్కటే తడిమి, వాసన చూసి, మళ్ళీ లోపల పెట్టేది. తనకు కూడా బడి ఉండొచ్చని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

ఆ ఆట పక్కింటి రజియా చాచీ వాళ్ళ ఆయన దుబాయ్ నుంచి తెచ్చింది. అన్నం పళ్ళెమంత గుండ్రంగా, నల్లగా... పైన నాలుగు రంగుల మీటలు. ఒక మీట వెలిగి మోగితే మనమూ అదే నొక్కాలి. తర్వాత రెండు, తర్వాత మూడు... అది మోగిన వరుసలోనే నొక్కుతూ పోవాలి. తప్పితే ఆట అయిపోయినట్టే.

ఒకరోజు చాచీ నన్ను పిలిచింది. లోపలి బల్బులు పోయాయనీ, వెలగని ఆటను తన పిల్లలు ముట్టడం లేదనీ, కావాలంటే తీసుకుపొమ్మనీ చెప్పి డబ్బాతో సహా ఇచ్చింది.

మొదట నేనే ఆడి చూశాను. రంగులు వెలగకపోయేసరికి ఏది మోగిందో తెలియలేదు. మూడో మోత దాటలేదు. అక్క దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఒక్కో మీట నొక్కి, తల వంచి విన్నది. లావు గొంతుది బాపు అంది. పక్కది అమ్మ. ఆ పైది అవ్వ. అన్నిటికంటే సన్నగా కీచుమనేది చెల్లె... అంటే నేను. తప్పు నొక్కితే 'బర్ర్' మంటుంది కదా, దానికి బర్రె అని పేరు పెట్టింది.

ఇక "బాపు, అవ్వ, అవ్వ, చెల్లె, అమ్మ..." అని గొణుక్కుంటూ పది, పన్నెండు దాకా పోయేది. నేను ఆడితే బర్రె అరిచేది.

"నువ్వు కండ్లతోని ఆడుతున్నవే... అందుకే బర్రెలు కాస్తున్నవ్" అని ఎక్కిరించేది.

వారం తిరిగాక ఒక సాయంత్రం బాపు గంజి నుంచి తొందరగా వచ్చి ఆట చూశాడు. ఒకరి ఇంటి వస్తువు మా ఇంట్లో ఉండటం ఆయనకు గిట్టదు. పొద్దున్నే ఇచ్చి రమ్మన్నాడు. అక్క రెండు చేతులతో దాన్ని పొట్టకు అదుముకుంది.

బాపు డబ్బాను అటూ ఇటూ తిప్పి నా చేతిలో పెట్టాడు.

"ఏం రాసిండ్రు దీని మీద? సదువు."

మా ఇంట్లో చదువు వచ్చిన మొదటి మనిషిని నేను. బస్సు బోర్డయినా, మందు సీసా అయినా నేనే చదవాలి. నేను చదివితే అది రాసి ఉన్నట్టే. కానీ డబ్బా మీద ఉన్నదంతా ఇంగ్లీషు. మా బడిలో అప్పటికి ఇంగ్లీషు మొదలే పెట్టలేదు. రాదని చెప్పడానికి నామోషీ... పైగా అక్క చేతులు చూస్తే మనసొప్పలేదు. అక్షరాల కింద వేలు జరుపుతూ, బడిలో పాఠం చదివినట్టు గట్టిగా చదివాను.

"చూపు లేని పిల్లలు ఇంటివారితో కలిసి ఆడుకొనుటకు చేయబడినది."

బాపు అక్క ఎదురుగా చతికిలబడి, కళ్ళు మూసుకుని తనూ ఆడాడు. నాలుగో మోతకే బర్రె అరిచింది. అక్క పదిహేను దాకా పోయింది.

"దీంట్ల నన్నేడ వెట్టినవ్ బిడ్డా?" అని అడిగాడు. అక్క ఆయన వేలు పట్టుకుని ఆ లావు గొంతు మీట మీద పెట్టింది.

బాపు అమ్మ వైపు తిరిగాడు. "చూపు లేనోళ్ళకు ఆట చేసినోళ్ళు, బడి చెయ్యకుంట ఉంటరా?"

మర్నాడే పని మానుకుని మా బడి పంతులును అడిగాడు. పాలమూరులో అలాంటి బడి, హాస్టలు ఉన్నాయని ఆయన కాగితం మీద రాసిచ్చాడు. అన్నాళ్ళూ ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు... అంతే. ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో టార్చిలైటు వెలగలేదు. దాని సెల్లులు ఆటలో ఉండేవి. జూన్‌లో అక్క బస్సెక్కింది.

ఇప్పుడు అక్క అలాంటి బడిలోనే టీచరు. ఇరవై రెండున అక్కడ ఆటల గది తెరుస్తున్నారు. అంకె పలికే పాచికలు, మోగుతూ దొర్లే బంతి, ప్రశ్నలు అడిగే యంత్రం... పిల్లలు తమ అమ్మానాన్నలతో కూర్చుని ఆడొచ్చు. మొన్న అక్క తన ఉపన్యాసం నాకు ఫోనులో వినిపించింది. "మా కోసమే చేసిన ఆట ఒకటి ఉందని మా చెల్లె చదివి చెప్పిన రోజే నా చదువు మొదలైంది" అని మొదలు పెట్టింది. బాగుందని చెప్పి ఫోను పెట్టేశాను.

అక్కా... నీ ఫోను ఇదంతా చదివి వినిపిస్తుందని తెలిసే రాస్తున్నాను. డబ్బా మీద ఏం రాసి ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. నాకు ఇంగ్లీషు వచ్చేసరికి ఆ డబ్బా వానకు నాని పోయింది.

అప్పుడు బల్బులు పోతే గానీ నీకొక ఆట దొరకలేదు. ఇప్పటి ఆటలు పిల్లల్ని పలకరించి మరీ ఆడిస్తున్నాయి. సంతోషమే... కానీ నాలుగు మోతల్లో మా ఇల్లంతా వినిపించే ఆట మళ్ళీ నాకు దొరకలేదు.

మిత్రులారా, మీలో ఎవరి అటక మీదైనా ఆ గుండ్రటి ఆట డబ్బాతో సహా ఉంటే, దాని మీద ఉన్నది ఉన్నట్టు చదివి ఇరవయ్యో తారీఖులోగా కింద రాయండి. చూపు లేని మీవాళ్ళతో మీరు ఆడిన ఆటలేమిటో కూడా చెప్పండి... అక్క పిల్లలకు పనికొస్తాయి.

అక్కా, నువ్వు కూడా ఆ లోపే చెప్పు... ఆ మాట ఉంచుతావో, తీసేస్తావో. బర్రె అరిచినా సరే, వింటాను.