దొరగారి చూపుడువేలు

దొరల సీమలో ఆయన్ను మహాపండితుడంటారట, అననివ్వండి. నరసాపురంలో నేను తెలుగు చెప్పిన ఆ మిషన్ దొరగారికి ఒకటే పట్టు: సువార్తలను మొదట గ్రీకులో రాశారా, యేసు మాట్లాడిన అరమాయిక్ భాషలోనా? చదువుకునేటప్పుడు ఎవరు పిలిచినా తలెత్తకుండా, ఆగమని చూపుడువేలు ఎత్తేవారు.

ఆ రోజు, చనిపోయిన పిల్లను యేసు ఏ భాషలో పిలిచి లేపాడో వెతుకుతున్నారు. కలరా సోకిన కూతుర్ని భుజాన వేసుకుని ఒక జాలరి ఆమె వచ్చింది. మందులపెట్టె తాళంచెవి దొరగారి మెడలోనే ఉంది.

"దొరగారండీ, పిల్ల కళ్ళు తేలేస్తోందండీ!"

వేలు లేచింది. నేనూ చెప్పాను. వేలు దిగలేదు.

చివరికి వెలిగిపోతున్న మొహంతో నావైపు తిరిగారు. "దొరికిందండీ పంతులుగారూ! పిల్ల ఇంట్లో మాట్లాడే భాషలోనే లేపాడు!"

గుమ్మంలో ఆ తల్లి, చల్లబడిన చెంపలు తడుతూ, "లేవే అమ్మా, లే" అంటోంది.