కోత లేకుండా ఏర్పడిన దారి

ఇరవై దాటినా నాకు నెలసరి రాలేదు. బీదర్‌లో స్కానింగ్ తీసిన డాక్టరు హైదరాబాదు వెళ్లమన్నారు. ఆ రోజుల్లో మా బస్సుల నిండా అక్కడ లేస్తున్న అద్దాల మేడల్లో కూలికి పోయేవాళ్లే. వాళ్ల మధ్య ఇరుక్కుని అమ్మా, నేనూ వెళ్లాం.

హైదరాబాదు డాక్టరమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"నీ అండాశయాలు మంచిగ పనిచేస్తున్నయ్. గర్భసంచి, యోని మాత్రం పుట్టుకతోనే తయారు కాలేదు."

అమ్మ ముఖం పాలిపోయింది. "కడుపుతోని ఉన్నప్పుడు నేనేమన్న తప్పు చేసిన్నా డాక్టరమ్మా?"

"ఎవ్వరి తప్పూ కాదమ్మా. ఇసొంటి ఆడపిల్లలను నేను శానామందిని చూసిన."

ఆపరేషన్ చేసి, తొడ చర్మంతోనో పేగు ముక్కతోనో యోనిని ఏర్పరచవచ్చట. కానీ ముందు కోత లేని పద్ధతి ప్రయత్నించమంది. నున్నటి చిన్న గొట్టం చేతిలో పెట్టింది. దాన్ని డైలేటర్ అంటారట.

"యోని ఉండాల్సిన జాగల దీన్ని పెట్టి రోజూ కొంచెంసేపు మెల్లగ నొక్కి పట్టుకోవాలె. లోపలి చర్మం సాగుతది. నెలలు పడుతది. ఆపరేషన్ చేసినా ఇవి వాడుడు తప్పదు. తొందరేం లేదు బిడ్డా, నీ మనసొప్పినప్పుడే షురూ చెయ్."

"మరి పిల్లలు?" అన్నాను.

"నువ్వు మొయ్యలేవు. పెంచుకోవచ్చు. నీ అండంతోని ఇంకో తల్లి మోసే దారి కూడ ఉన్నది."

తిరుగు బస్సులో జహీరాబాదు దాకా ఏడ్చాను. కొన్నాళ్లకు నేనే మొదలుపెట్టాను. నేను గది తలుపు వేసుకుంటే అమ్మ బయట బియ్యం ఏరుతూ ఎవరినీ రానిచ్చేది కాదు. మొదట్లో నొప్పి, విసుగు, ఏమీ మారడం లేదన్న అనుమానం. మళ్లీ చూపించుకోవడానికి వెళ్తే డాక్టరమ్మ నవ్వి, ఇంకాస్త పెద్ద గొట్టం ఇచ్చింది. అంటే లోపలి చర్మం నిజంగానే సాగిందన్నమాట. తల్లి కడుపులో ఆగిపోయిన పనిని నా ఒళ్లు ఇప్పుడు, ఇంత ఆలస్యంగా, చప్పుడు లేకుండా చేసుకుంటోంది! అప్పటిదాకా ఆ ఒంటిని తిట్టుకోని రోజు లేదు. ఆ రోజు బస్సులో నా పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను, ఏదో పవిత్రమైనదాన్ని ముట్టుకున్నట్టు.

కమఠాణ నుంచి సంబంధం వచ్చినప్పుడు అతనికి నేనే అంతా చెప్పాను.

"గట్ల చేసుకుంటే నొచ్చిందా?" అని అడిగాడు.

అంతవరకూ నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. అతన్నే పెళ్లి చేసుకున్నాను. ఆపరేషన్ అవసరమే రాలేదు. కాపురంలో మొదటి రోజుల భయం మెల్లగా పోయింది. ఒక పాపను దత్తత తీసుకున్నాం. ఇప్పుడు నా పక్కనే నిద్రపోతోంది.