పెన్న ఒడ్డున ఓడ తూగు

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు, మాఘంలో ఒక శుక్రవారం, ప్రొద్దుటూరులో మా ఇంటి బావి దగ్గర నీళ్ల బిందె చంకకెత్తుకోలేకపోయాను. ముందు రోజు దాకా ఎత్తిన బిందే అది. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడింది. తెల్లవారితే ఏమీ లేదు. మళ్లీ సాయంత్రం వచ్చింది. తేదీలు మరచిపోయే అలవాటు నాకు లేదు. కానీ ఆ తర్వాతి నెలల్లో ఏది జబ్బో, ఏది మందో, ఏది నా భయమో ఇప్పటికీ విడదీసి చెప్పలేను.

నేను పుట్టింది రంగూన్‌లో. మా నాయన అక్కడ బట్టల అంగట్లో గుమాస్తా. యుద్ధంలో బాంబులు పడ్డప్పుడు, పన్నెండేళ్ల పిల్లగా, మా అమ్మతో ఓడెక్కి మద్రాసులో దిగాను. ప్రొద్దుటూరులో పెళ్లయ్యాక కూడా రంగూన్ అలవాటు ఒకటి పోలేదు. పొద్దస్తమానం బుగ్గన వక్కాకు ఉండాల్సిందే. అందుకే దగ్గినప్పుడు ఎరుపు కనిపించినా ఎవరూ పట్టించుకోలేదు.

"ఆకేసుకొని ఎర్రగా ఉమ్మక, పాల మాదిరి ఉమ్ముతావామే?" అని మా అత్త నవ్వింది. నేనూ నవ్వాను.

వేసవిలో జమ్మలమడుగులో ఒక ఆస్పత్రికి పోయాం. డాక్టరమ్మ మద్రాసులో చదివిన మనిషి. "రేపు పొద్దున ఆకు వేసుకోకుండా, నోరు కడుక్కొని స్ప్యూటం, అంటే దగ్గి తీసిన కఫం, ఇవ్వండి" అంది. ఇచ్చాను. ఆకు లేకపోయినా ఎర్రగానే ఉంది. ఎక్స్‌రే తీశారు.

"టీబీ. స్ప్యూటం పాజిటివ్. వైద్యం మధ్యలో ఆపితే ప్రాణానికే ముప్పు" అని మా ఆయనతో చెప్పి, నన్ను వార్డులో చేర్చుకుంది. స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు మొదలయ్యాయి.

జ్వరం తగ్గింది. దగ్గు తగ్గింది. అప్పుడు మంచం కదలడం మొదలైంది. కూర్చుంటే నేల ఒక పక్కకు లేస్తుంది, నిలబడితే రెండో పక్కకు జారుతుంది. దానికి నా దగ్గర ఒకటే మాట ఉంది. "నేను ఓడలో ఉన్నాను" అన్నాను నర్సుతో.

ఆ నర్సు రాజుపాలెం పిల్ల, సముద్రం చూసి ఎరగదు. "ఓడ యాడుందమ్మా ఈడ? పెన్నలో మోకాటిలోతు నీళ్లు గూడా లేవే!" అని పక్క మంచాల వాళ్లను నవ్వించింది. మర్నాడు అడిగితే మళ్లీ అదే చెప్పాను. ఈసారి నవ్వలేదు. మతి చలించిందని మా ఇంటికి కబురు పంపింది.

మా ఆయన, అత్త వచ్చారు. "ఏం మాట్లాడతాండావో నీకన్నా తెలుస్తాందా?" అన్నాడాయన.

అత్తది పులివెందుల. "ఈ సూదులతోనే దీనికి మతి తప్పినాది. గండి ఆంజనేయస్వామికాడ నిద్ర చేపిస్తే కుదురుకుంటాది. మూట కట్టు నాయనా" అంది కొడుకుతో. ఆయన కదలకపోతే తనే కట్టింది.

పోతే మందు ఆగుతుంది. ఆగితే చస్తాను. అది తెలుసు. కానీ నిజంగానే మతి పోయిందేమో, అది మాత్రం తెలియదు. అందరికీ కదలని నేల నాకొక్కదానికే కదులుతుంటే ఎవరిని నమ్మాలి? పోదామని నేనే లేచాను. లేవగానే తూలి గోడకు గుద్దుకున్నాను.

వార్డులోకి వస్తున్న డాక్టరమ్మ చూసింది. "కళ్లు మూసుకొని నిలబడండి" అంది. పడిపోతుంటే పట్టుకుంది.

"నర్సుతో ఓడ అని ఎందుకన్నారు?"

"ఎక్కినాను గాబట్టి."

ఆమె మా వాళ్ల వైపు తిరిగింది. "ఇది పిచ్చి కాదు, వర్టిగో, తల తిరిగే జబ్బు. ఇంజెక్షన్ చెవి లోపలి నరాన్ని దెబ్బ తీస్తోంది. అది ఆపి వేరే మందులతో నడిపిద్దాం. ఈమెను మాత్రం తీసుకుపోకండి."

అత్త మూట విప్పింది. "అయితే ఓడ నిజమేనామే?" అని చెవిలో అడిగింది. నాకే అర్థం కాలేదు.

ఏడాదిన్నరకు స్ప్యూటం నెగటివ్ వచ్చింది. ఎడమ చెవి సగం పోయింది. చీకట్లో గోడ పట్టుకోకుండా ఇప్పటికీ నడవలేను.

పదేళ్ల తర్వాత రంగూన్ నుంచి మళ్లీ జనం వచ్చారు. అక్కడ అంగళ్లూ పనులూ పోగొట్టుకున్న వాళ్లు. కొన్ని కుటుంబాలు ప్రొద్దుటూరు మిల్లుల్లో పనికి కుదిరాయి. వాళ్లది విశాఖ వైపు తెలుగు, మధ్య మధ్య బర్మా మాటలు. మావాళ్లకు అందేది కాదు. ఆస్పత్రికి పోవాలంటే నన్ను తోడు పిలిచేవారు. ఒకరితో పోయాను, ఇంకొకరితో పోయాను. అదే నా పనయింది.

వాళ్లలో అప్పలనరసమ్మకు టీబీ. ఇంజెక్షన్లు నడుస్తుండగా ఒకరోజు, "సెవిలో రైసుమిల్లు తిరగతందమ్మా, ఆపమను" అంది.

ఆమె రంగూన్‌లో రైసుమిల్లులో పనిచేసిన మనిషి. "పాత ధ్యాస పోలేదు పాపం" అన్నారు వార్డులో. నాకూ అలాగే తోచింది. పోయిన బతుకు తలచుకుంటోందా, నిజంగా చెవే చెడుతోందా? నాకు నేల కదిలింది గానీ చప్పుడు వినపడలేదు. ఏదీ తేల్చుకోలేక, అప్పుడున్న కొత్త డాక్టరు దగ్గరికి పోయి ఆమె మాట ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆయన రాస్తున్నది ఆపాడు. "ఏ చెవిలో?"

నేను అడగనేలేదు. వెనక్కి పోయి అడిగాను. రెండింట్లోనూ అంది. ఆ సాయంత్రం నుంచి ఇంజెక్షన్ మార్చారు.

జబ్బు నయమై ఆమె ఇప్పుడు మా వీధిలోనే ఉంది. మెల్లగా పిలిచినా పలుకుతుంది. నేను పలకకపోతే, "ఏటమ్మా, సెవుడేటి?" అని నన్నే ఎగతాళి చేస్తుంది.

రోగికి తోడు పోయేవాళ్లకు ఒక్కటే చెబుతాను. రోగి మాట వింతగా ఉన్నా దిద్దకండి, మీ అర్థం కలపకండి. ఆ మాటనే డాక్టరుకు చేర్చండి. అది మీకు బోధపడకపోయినా పరవాలేదు. ఆ రోజు నాకూ బోధపడలేదు.