బృహస్పతి మా పిల్లవాణ్ణి ఎంత లాగుతాడు

నీళ్లు తోడుకుందామని పెరట్లోకి వెళ్తే గిలకకు చేంతాడు లేదు. పనిమనిషి ఎక్కడో పెట్టి ఉంటుందనుకుని బిందె కింద పెట్టాను. అప్పుడు తట్టింది, చాలాసేపటి నుంచి పిల్లవాడి గొంతు వినబడలేదని. రెండేళ్లవాడు, మెలకువగా ఉండి ఊరుకునే బిడ్డ కాదు. బావిలోకి తొంగి చూశాను. నీళ్లు కదలకుండా ఉన్నాయి. అందుకు సంతోషించాలో భయపడాలో తెలియక ఇంట్లోకి పరుగెత్తాను.

నడవలో స్తంభానికి వాణ్ణి కట్టేసి ఉంది. వాడు చతికిలబడేసరికి నడుముకు కట్టిన తాడు పైకి జారి గడ్డం కిందికి వచ్చింది. ఏడవడం లేదు, తాడు కొస చప్పరిస్తున్నాడు. ముడి విప్పుతుంటే వేలికి ఏదో గుచ్చుకుంది. దర్భ. రెండు పోచలు శ్రద్ధగా ముడిలో దూర్చి ఉన్నాయి.

పక్కనే ఆరేళ్ల మా అమ్మాయి నిలబడి ఉంది.

"ఎవరే కట్టింది?"

"నేనేమ్మా. గ్రహాలన్నీ ఒకే తావున చేరి లాగతాయంట. తమ్ముడు బరువుండడు కదా, పైకి పోతాడు."

"మరి నువ్వు?"

"నేను స్తంభం పట్టుకుంటా."

ఆ వారం తిరుపతిలో మా వీధంతా అదే మాట. ఐదారు గ్రహాలు ఒక రాశిలో కూడుతున్నాయని, ఆ లాగుడుకు కొండ మీది బండలు కదిలి దొర్లుతాయని. ఎదురింటివాళ్లు నగరిలో చుట్టాల దగ్గరికి వెళ్లిపోయారు కూడా. మామయ్యగారిది గుడి కైంకర్యం, ఇంట్లో దర్భకు కొదవలేదు. గ్రహణం వస్తే అత్తయ్య ఊరగాయ జాడీల మీద దర్భ వేస్తారు. మా అమ్మాయి తమ్ముణ్ణీ జాడీల లెక్కలో వేసుకుంది.

"నేను బండలు దొర్లతాయన్నా గానీ, పిల్లోళ్లు ఎగిరిపోతారన్నానా?" అన్నారు అత్తయ్య, నా చూపు తగలగానే. "అయినా దర్భ మరిసిపోలేదు సూడు, నా మనవరాలు!"

నాకు నవ్వు రాలేదు. తాడు దాచేస్తే చీర దొరుకుతుంది, చీర దాచేస్తే పంచె. గ్రహాలు కూడే రోజు ఇంకా రానే లేదు. నేను స్నానానికి వెళ్లినంతసేపు చాలు, ఏదైనా జరగడానికి. దాని భయం పోవాలి. ఉత్త మాటలతో పోయేది కాదు. ఎందుకంటే గ్రహాలు లాగడం అబద్ధం కాదు. మద్రాసులో బి.ఏ.కి ఫిజిక్సు చదివి, అదే సంగతి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. లాగుతాయి, సరే. మా పిల్లవాణ్ణి ఎంత లాగుతాయి?

సాయంత్రం ఎసట్లో బియ్యం పోసి అమ్మాయి పలక తీసుకున్నాను. అన్నిట్లోకీ పెద్దవాడు బృహస్పతి, బరువులో భూమికి మూడు వందల రెట్లు పైన. మనకూ భూమి నడిమధ్యకూ ఎంత దూరమో, దానికి దాదాపు లక్ష రెట్ల దూరంలో ఉంటాడు, అదీ బాగా దగ్గరికి వచ్చినప్పుడు. మూడు వందలను లక్షతో భాగించాను. భూమి మనల్ని కిందికి లాగే బలంలో సుమారు మూడు వందల్లో ఒక వంతు వచ్చింది. మణుగు బరువుండే పిల్లవాణ్ణి ఒక్క గ్రహమే మూడు తులాలు తేలిక చేస్తుందా?

అదే పద్ధతిలో చంద్రుడికీ కట్టి చూశాను. బృహస్పతి కంటే చాలా తక్కువ వచ్చింది. అక్కడ బలపం ఆగింది. హాస్టల్ నుంచి మేము సముద్రం ఒడ్డుకు పోయే రోజుల్లో, పౌర్ణమి నాడు నీళ్లు పైపైకి వచ్చి మా చెప్పులు లాక్కుపోయేవి. సముద్రం చంద్రుణ్ణి చూసి పొంగుతుంది, బృహస్పతిని చూసి కాదు. మరి నా లెక్క తిరగబడిందేం?

దూరాన్ని దూరంతోనే గుణించాలి! అది మరిచాను. లక్షను లక్షతో గుణించి మళ్లీ భాగిస్తే మూడు కోట్లలో ఒక వంతు తేలింది. పోపులపెట్టె తీసి ఒక ఆవగింజ వేలి మీద పెట్టుకున్నాను. మా వాడి బరువులో ఆ వంతు అంత కూడా లేదు. చంద్రుడి లాగుడు బృహస్పతి లాగుడుకు వంద రెట్లు. మిగతా గ్రహాలన్నీ వచ్చి చేరినా చంద్రుడి దరిదాపుల్లోకి రావు. ఎన్నాళ్లకో మళ్లీ ఒక లెక్క తేలిందన్న సంతోషంలో పొయ్యి సంగతి మరిచిపోయాను.

"గ్రహాలు రాకముందే అన్నం మాడ్చినావు గదమ్మా!" అన్నారు అత్తయ్య.

పొద్దున్నే పిల్లలిద్దర్నీ ముందు కూర్చోబెట్టుకుని, అమ్మాయి అరచేతిలో ఆవగింజ పెట్టాను.

"బృహస్పతి తమ్ముణ్ణి లాగేది ఇంత కూడా ఉండదు. చంద్రుడు లాగేది ఇట్లాంటివి ఓ పది. ఆయన రోజూ మన ఇంటి మీదనే పోతాడు. తమ్ముడు ఎప్పుడన్నా ఎగిరినాడా?"

"ఆయన పోయేటప్పుడు నేను నిద్రపోతా ఉంటా కదా."

"లేచేటప్పటికి తమ్ముడు చాప మీద ఉండడా?"

"చాప మీద యాడ? నా మీద కాలేసుకోని ఉంటాడు." గింజను కాసేపు చూసి అడిగింది, "అయితే తమ్ముడు బృహస్పతిని లాగడా?"

నన్ను ఏ పరీక్షలోనూ అంత మంచి ప్రశ్న అడగలేదు.

"లాగతాడు. ఆయన ఎంత లాగితే వీడూ అంతే లాగతాడు. వీణ్ణి కట్టెయ్యాల్సిన పని లేదు. భయమేస్తే వాడి చెయ్యి పట్టుకోని నన్ను పిలువు. తాడు మాత్రం బావిది."