నూకరాజు గుంజల దారి

నూకరాజు కొబ్బరి దింపు తీసేవాడు. మా చుట్టుపక్కల తోటల్లో అతను ఎక్కని చెట్టు లేదనేవారు. పంతొమ్మిదివందల డెబ్భై ఎనిమిదిలో వానకి నానిన చెట్టు మీంచి జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అమలాపురం డాక్టరుగారు ఎముక అతికించి, రోజూ నడవకపోతే కాలు బిగిసిపోతుందని చెప్పి పంపించారు.

నూకరాజు నడవలేదు. నడవలేక కాదు, ఎవరైనా చూస్తారని. కుంటుతూ వీధిలోకి వస్తే "ఏరా, చెట్టెక్కుతావా?" అంటారని అతని భయం. అంటారు కూడా, మా ఊరి నోటికి మూత లేదు. అయినా కాలు పోతే పోనీ గాని మాట పడకూడదనుకునే మగవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్ల పక్కింట్లో ఉన్నాను కాబట్టి రోజూ మండేది.

అతని భార్య అప్పాయమ్మకి మండిపడే తీరిక లేదు. పీచు తాడు పేనుకునే మనిషి. వాళ్ల పెరట్లోంచి వైనతేయ గోదావరి గట్టు దాకా కొబ్బరి, కొబ్బరి కింద అరటి, అరటి కింద కంద, అన్నిటినీ చుట్టుకున్న తీగలు. మిట్టమధ్యాహ్నం కూడా ఎండ పొడ ఉండదు. లోపలికి వెళ్లిన మనిషి బయటికి కనిపించడు. అప్పాయమ్మకి కావలసింది అదే. కత్తి పట్టుకుని అందులో దారి కొట్టింది. బురదలో కొబ్బరి పొట్టు పరిచింది. గట్టు ఎక్కేచోట మట్టి పోసి ఏటవాలు చేసింది. దారి పొడుగునా సరుగుడు గుంజలు పాతి, పట్టుకోవడానికి తను పేనిన తాడు కట్టింది. తోటవాళ్లు ఏమీ అనలేదు. వాళ్ల చెట్లన్నీ ఎక్కింది నూకరాజే.

వారం తిరక్కుండా సగం గుంజలు ఎవరి పొయ్యిలోకో వెళ్లిపోయాయి. అప్పాయమ్మ ఎవర్నీ తిట్టలేదు. కొత్తవి పాతి, ఒక్కోదానికీ పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టింది. మా ఊళ్లో పోలీసుకి జంకనివాడు కూడా బొట్టుకి జంకుతాడు.

నూకరాజు నడవడం మొదలుపెట్టాడు. గుంజ పట్టుకుని ఆగుతాడు, నాలుగడుగులు వేస్తాడు, మళ్లీ గుంజ. అలా గట్టెక్కి ఏరు చూసి వచ్చేవాడు. అతను నడుస్తున్న సంగతి మా ముగ్గురికి తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు.

మరుసటేడు ఏటికి వరద ఎర్రనీరు వచ్చింది. కొత్తనీరు వస్తే మా ఆడవాళ్లు గోదారమ్మకి పసుపు కుంకుమ, రవికల గుడ్డ ఇస్తారు. ఆసారి రేవు మెట్లు మునిగిపోయాయి. ఎక్కడ ఇవ్వాలా అని చూస్తుంటే ఎవరికో బొట్లు పెట్టిన గుంజలు కనిపించాయి. అవి గట్టు వైపే వెళుతున్నాయి. ఇంకేం కావాలి? పళ్లేలు పట్టుకుని అందరం ఆ దారిన పడ్డాం. అందరికంటే ముందు పురోహితులు శరభయ్యగారి భార్య అచ్చయమ్మగారు, పెద్దావిడ, తాడు పట్టుకుని.

దారి మధ్యలో నూకరాజు. అలికిడికి తిరిగి చూసి గుంజని కరుచుకుని నిలబడిపోయాడు. పారిపోదామంటే కాలు సాగదు. నా పక్కన అప్పాయమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇక రేపటినుంచి ఇతను గడప దాటడని ఇద్దరికీ తెలుసు. నాకు ఏడుపొచ్చింది.

అచ్చయమ్మగారు అతన్నీ, గుంజనీ చూశారు. "ఏం మొక్కు నూకరాజూ?"

"కాలు కదలాలనండి, అమ్మగారూ." అతను అబద్ధమాడలేదు.

"అయితే నడువు. మొక్కు నడిచేవాణ్ణి దాటకూడదు."

"ఆయ్."

నడిచాడు. అతను గుంజ ముట్టుకుని ఆగితే అచ్చయమ్మగారూ ముట్టుకుని ఆగేవారు, ఆవిడ వెనక మేమందరం. కుదురుగా నాలుగడుగులు, మళ్లీ గుంజ. ఎవరూ నవ్వలేదు.

గట్టు అవతల ఏరు హోరుమంటోంది. వేళ్లతో సహా చెట్లు, గడ్డిమేట్లు కొట్టుకుపోతున్నాయి. పసుపు కుంకుమలు వేసి దణ్ణాలు పెట్టాం. తిరిగి దిగేటప్పుడు నూకరాజు పక్కకి తప్పుకున్నాడు.

"మీరెళ్లిపోండి అమ్మగారూ. నాతో అయితే ఆలస్యమైపోద్దండి."

అచ్చయమ్మగారు కదల్లేదు. "ఈ మోకాళ్లతో ఏరు చూసి ఎన్నేళ్లయిందో నాకే గుర్తు లేదు. ఈ ఊళ్లో అందరూ గబగబా నడిచేవాళ్లే నాయనా. ఇవాళ నువ్వు మెల్లిగా నడిచేవు కాబట్టి రాగలిగేను."

నూకరాజు మళ్లీ ముందు నడిచాడు.

మర్నాడు పొద్దున్న అతను పెరటి వైపు వెళ్లలేదు. కర్ర పట్టుకుని, కుంటుకుంటూ, అరుగుల మీద జనం చూస్తుండగా, వీధి మధ్యనుంచి అచ్చయమ్మగారి గుమ్మం దాకా వెళ్లి నిలబడ్డాడు.

"అమ్మగారండీ, ఏటికి వస్తారా అండి?"