గొర్లు తొక్కిన రోడ్డు

మా మేనమామ కారు కొన్నప్పుడు ఆయన ఊరికి రోడ్డు లేదు. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వాల్సిందే మరి. హైదరాబాదులో ఏదో నవాబుల ఇంటివాళ్ళు అమ్ముకుంటున్న విలాయతి కారు కొని, నకిరేకల్ దాకా దర్జాగా తెచ్చి, అక్కడి నుంచి ఇంటికి ఎట్లా తేవాలో తెలియక ఒక ఆముదాల గోదాములో పెట్టించి, తాను కాలినడకన ఇంటికి చేరిన మనిషి ఆయన. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్న సామెత మా మామను చూసే పుట్టి ఉంటుంది.

నేను మాత్రం నవ్వలేను. ఆ కారు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మామ మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. అమ్మ చంకనెత్తుకుని తిప్పి పెంచిన తమ్ముడు. అటూ ఇటూ గొర్లు కాసిన ఇళ్ళే మావి. మామ ఒక్కడే ఆముదాల బేరంలో దిగి, పల్లెల్లో కొని నకిరేకల్లో అమ్మి, చూస్తుండగానే పైకొచ్చాడు. పోలీసు చర్య తర్వాత పట్నంలో పెద్దపెద్ద ఇళ్ళవాళ్ళు కార్లు అమ్ముకుంటున్నారని ఎవరో చెప్తే పోయి ఒకటి కొన్నాడు. "తమ్ముడు కారు కొన్నడట" అని అమ్మ వాడకట్టంతా తిరిగి చెప్పింది. ఆ రోజు మా ఇంట్లో పొయ్యి ఆలస్యంగా వెలిగింది.

గోదాములో ఉన్న కారును చూడ్డానికి బాపు నన్ను తీసుకుపోయాడు. నల్లగా, పొడుగ్గా, మొహం కనిపించేటంత మెరుస్తూ ఉంది. నేను సీటు మీద కూర్చుని దిగనని మారాం చేశాను. బాపు చుట్టూ తిరిగి చూసి, కిందికి వంగి, అరచెయ్యి నిలువుగా పెట్టి దాని పొట్టకూ నేలకూ మధ్య ఎంత సందుందో కొలిచాడు.

"బామ్మర్దీ, గిది సూడి గొర్రె లెక్కున్నది. పొట్ట నేలకు తాకుతాంది. మన తొవ్వల యాడ నడుస్తది?" అన్నాడు.

"తొవ్వనే మారుద్దాం బావా" అన్నాడు మామ.

పెద్ద రోడ్డు నుంచి మామ వాళ్ళ ఊరికి పోవాలంటే మధ్యలో మా ఊరు తగులుతుంది. ఉన్నది బండ్ల బాట. వాగులో దిగి ఎక్కాలి, రాళ్ళ గుట్ట చుట్టి రావాలి. ఆ బాటలో ఎడ్లబండి మీద పెద్ద రోడ్డు చేరేసరికి పొద్దు వాలిపోయేది. ఈ సంగతి మా అమ్మకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నా తర్వాత అమ్మకు ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. రెండోసారి నొప్పులు ముదిరాక బండి కట్టారు. నల్లగొండ దవాఖానకు చేరేసరికి బిడ్డ లేదు, అమ్మ మిగలడమే గొప్ప. "మళ్ళీ కడుపు పండితే నొప్పులు మొదలవగానే రావాలి, ఇంట్లో కూర్చుంటే ఈసారి నిన్ను కూడా దక్కించలేం" అని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది. మంత్రసాని కూడా చేతులు జోడించి, నా వల్ల కాదు తల్లీ అంది. అందుకే రోడ్డు అన్న మాట వినగానే అమ్మకు అందరికీ వినిపించింది కాక ఇంకొకటి వినిపించింది.

మామ రెండు ఊళ్ళ వాళ్ళనూ మా చావిడి ముందు కూర్చోబెట్టి మాట్లాడాడు. మాటకారి. ఆముదాలు కొనేటప్పుడు ఎంత తియ్యగా మాట్లాడతాడో అంత తియ్యగా మాట్లాడాడు.

"సర్కారు ఏస్తదని కూసుంటే మన బొక్కలు గూడ మిగలవు. మనమే ఏసుకుందాం. కారు నాదే గని, ఆపతొస్తే ఊరందరిది. ఏ ఆడిబిడ్డకు నొప్పులొచ్చినా జర్రసేపట్ల దవాఖానల ఉంటది" అని, మా అమ్మ వైపు తిరిగి, "అక్కా, నువ్వింక ఫికర్ జెయ్యకు" అన్నాడు.

ఆ ఒక్క మాటతో అమ్మ బాపును నిలవనియ్యలేదు, కూర్చోనియ్యలేదు. రోడ్డు మా మెట్ట చెల్క అంచు మీదుగా పోతే వాగు ఒడ్డున మలుపు తప్పుతుందన్నారు. బాపు ఆ పట్టె ఇచ్చేశాడు. మంద కూడా ఇచ్చాడు. మంద ఎందుకంటే, మొరం మట్టి పోస్తే సరిపోదు, అది గట్టిపడాలి. రోలరు తెచ్చే తాహతు ఎవరికుంది? గొర్లను తోలి తొక్కిద్దామన్నది బాపు ఆలోచనే. గొర్రె కాలు చిన్నదే కానీ మందంతా ఒకచోట తొక్కితే నేల బండ అవుతుందని మాకు తెలుసు. మంద పడుకున్న జాగాలో గునపం దిగదు.

ఎండాకాలం, పొలం పనులు లేని రోజులు. మగవాళ్ళు గుట్ట దగ్గర మొరం తవ్వి బండ్ల మీద తెచ్చి పోసేవాళ్ళు. ఆడవాళ్ళు వాగు చెలిమల నుంచి నీళ్ళు మోసి చల్లేవాళ్ళు. అమ్మ అందరికంటే ముందు పోయి అందరికంటే వెనక వచ్చేది. తడిసిన మొరం మీద నేనూ బాపూ మందను అటు తోలి ఇటు తోలేవాళ్ళం. మేత లేక, నీడ లేక గొర్లు అరిచేవి. తాజా మొరం గరుకుకు గిట్టలు అరిగి కొన్ని కుంటేవి. వాటికి వేపనూనె రాస్తూ బాపు, "రేపు మీరు గూడ కారెక్కుతరు తీయుండ్రి" అని వాటితో పరాచికాలాడేవాడు.

రోడ్డు పూర్తయింది. కారు వచ్చింది. మామ మా ఇంటి ముందు ఆపి, అమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఊరు చుట్టూ తిప్పాడు. అమ్మ కొంగు నిండుగా కప్పుకుని, ఎవరి వైపూ చూడకుండా, నవ్వు ఆపుకుంటూ కూర్చుంది. అమ్మ అంత సంతోషంగా ఉండడం నేను ఆ తర్వాత చూడలేదు.

మొదటి వాన పడ్డాక మేం చేసిన పొరపాటు బయటపడింది. ఎండాకాలం గొర్లకు మేత అంటే తుమ్మకాయలే. గింజలు అరగవు, పెంటికలతో బయటికొస్తాయి. మందను తోలినన్ని రోజులూ అవి మొరంలోకి పడ్డాయి, గొర్లే వాటిని తొక్కి పాతాయి, మేమే నీళ్ళు పోశాం. నారు పోసినట్టు రోడ్డంతా తుమ్మ మొలిచింది. ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వింది. పీకినవి పీకగా మిగిలినవి ముళ్ళు తేలి కారు టైర్లలో దిగాయి. మామకు నవ్వు రాలేదు.

ఆ తర్వాత ఒకసారి రోడ్డులోంచి లేచిన రాయి తగిలి కారు కింద చమురుండే చాంబరు పగిలింది. చమురంతా రోడ్డు పాలు. బాపు మా ఎడ్లను కట్టి ఆ నవాబుల కారును మామ ఇంటిదాకా లాక్కొచ్చాడు. దాని సామాను బొంబాయి నుంచి రావాలట. వచ్చేదాకా కారు పందిరి కింద, మామ అరుగు మీద. బాగయ్యాక కారు మీద ఆయనకు భయం పట్టుకుంది, భయంతో పాటు ప్రేమ పెరిగింది. బండ్ల ఇనుప పట్టాలు రోడ్డును కోస్తున్నాయని బండ్లు వద్దన్నాడు. ముళ్ళు మొలుస్తున్నాయని మందలు వద్దన్నాడు. పెద్దమనుషుల చేత అవుననిపించి, మా ఊరి మొదట్లో కంప అడ్డం పెట్టించాడు. కారు పోయేటప్పుడు తీస్తారు, పోయాక పెడతారు. రోడ్డు వేసిన గొర్లేమో పాత బాటనే పోయేవి. బాపు గొణిగితే అమ్మ ఊరుకునేది కాదు.

"రోడ్డు మంచిగుంటేనే గదా కారు నడిచేది. రేపు మనకే అక్కరొస్తది" అనేది. రోడ్డు వేసి ఏడాది దాటేసరికి అమ్మకు నెలలు నిండుతున్నాయి.

శ్రావణంలో ముసురు పట్టిన ఒక పొద్దున అమ్మకు నొప్పులు మొదలయ్యాయి. డాక్టరమ్మ మాట గుర్తుపెట్టుకుని బాపు క్షణం ఆగలేదు. పొలాల గట్ల మీద పడి మామ ఊరికి ఉరికాడు. వెనకే నేను. కారు పందిరి కింద ఉంది, దాని మీద దుప్పటి కప్పి ఉంది. మామ అరుగు మీద చాయ తాగుతున్నాడు. బాపు సంగతి చెప్పాడు. మామ వాన వైపు చూశాడు.

"బావా, మొరం మెత్తబడ్డది. ఇప్పుడు తీస్తే పొట్ట తాకుతది. చాంబర్ పోతే మళ్ళ బొంబాయే. జర ఆగుండ్రి, వాన వెలిసినంక తీస్త" అన్నాడు.

"నొప్పులు ఆగుతయా బామ్మర్దీ?"

"మంత్రసాని ఉన్నది గదా."

బాపు ఇంకో మాట అనలేదు. కాళ్ళు పట్టుకోలేదు, తిట్టలేదు. ఆ మౌనం మీద నాకు చాలా ఏళ్ళు కోపముండేది. తక్కెడలో ఒక పక్క అక్క ప్రాణం, ఇంకో పక్క ఇనుప డబ్బా వేసి చూసినవాడితో ఏం మాట్లాడతాడని నా పిల్లలు పుట్టాక అర్థమైంది.

ఇంటికొచ్చి బాపు బండి కట్టాడు. గడ్డి పరిచి అమ్మను పడుకోబెట్టాడు. మంత్రసాని ఎక్కింది, నేనూ ఎక్కాను. అమ్మ ఒకటే అడిగింది, "తమ్ముడు రాలేదా?" అని. బాపు, "వస్తడు, ఎనక వస్తడు" అన్నాడు. ఊరి మొదట్లో కంపను చేతులతో లాగి పారేసి బండిని కొత్త రోడ్డెక్కించాడు. చేతుల నిండా ముళ్ళు. బండి పోతున్నంతసేపూ అమ్మ తలెత్తి వెనక్కి చూస్తూనే ఉంది. నొప్పి వచ్చినప్పుడు కళ్ళు మూసుకునేది, పోగానే మళ్ళీ వెనక్కి చూసేది. పెద్ద రోడ్డు కనబడుతుండగా బిడ్డ పుట్టాడు. నాకు తమ్ముడు. ఏడవలేదు. అమ్మకు నెత్తురు ఆగలేదు. నల్లగొండ పోయే లారీ ఒకటి ఆపి, ముక్కూ మొహం తెలియని డ్రైవరు అమ్మను ఎత్తి ఎక్కించుకున్నాడు. వాన ఇంకా పడుతూనే ఉంది.

అమ్మ బతికింది. తమ్ముడెందుకు రాలేదని అడిగితే, మామ ఆ పొద్దున అన్న మాటలు అన్నట్టే నేనే చెప్పాను. ఇంటికొచ్చిన నాలుగు రోజులకు మామ వచ్చాడు, నడిచే. చేతిలో బత్తాయిల సంచి. వాకిట్లో బాపు కనబడగానే, "రోడ్డంత కోసుకపోయింది బావా. వానల బండి తోలద్దని మొదలే అనుకున్నం గదా" అన్నాడు.

లోపల మంచంలో ఉన్న అమ్మకు ఆ మాట వినబడింది. తర్వాత ఆయన లోపలికి వచ్చి, ఎట్లున్నవక్కా అన్నాడు, బాధగానే అన్నాడు, కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. అమ్మ గోడ వైపు తిరిగింది. ఆయన పోయాక బత్తాయిలు మందలోని మేకలకు వెయ్యమంది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనయట, అని ఒక్కసారే, తనలో తాను అనుకుంది. మేకలు తొక్కతో సహా తిన్నాయి.

తర్వాతి ఎండాకాలం అమ్మమ్మ కబురు పెట్టింది. ఒడిబియ్యం పొయ్యాలట. పెళ్ళయిన ఆడబిడ్డకు కొన్నేళ్ళకోసారి పుట్టింటివాళ్ళు కొంగులో పసుపు కలిపిన బియ్యం పోసి పంపడం మాలో ఆనవాయితీ. తల్లి పొయ్యాలి, తోడబుట్టినవాడు పొయ్యాలి. ఒక్క గింజ కింద పడకూడదు. అది అందుకున్నంత కాలం ఆడదానికి పుట్టిల్లు ఉన్నట్టు.

ఆ పొద్దున కారు మా గుమ్మం ముందు ఆగింది. ఎండకు రోడ్డు ఎండి గట్టిగా ఉంది. తళతళలాడుతూ ఉంది కారు. మామే తోలుకొచ్చి వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. అమ్మ ఆయన పక్క నుంచి నడిచి, రోడ్డు దాటి, పాత బండ్ల బాట పట్టింది. బాపూ నేనూ వెనకే నడిచాం. మామ చాలాసేపు తలుపు పట్టుకునే నిలబడ్డాడు.

పుట్టింట్లో పీట వేశారు. అమ్మ తూర్పు మొహంగా కూర్చుని కొంగు పట్టింది. అమ్మమ్మ దోసిళ్ళతో బియ్యం పోసింది, ఎండుకొబ్బరి కుడుకలు పెట్టింది, రవికె గుడ్డ పెట్టింది. అమ్మ ఆమె కాళ్ళకు దండం పెట్టింది. చుట్టూ ముత్తైదువలు. తర్వాత మామ దోసిలి నిండా బియ్యం తీసుకుని ముందుకొచ్చాడు. అమ్మ కొంగును రెండు చేతులతో దగ్గరికి లాక్కుని ముడి వేసింది.

"పట్టు అక్కా" అన్నాడు మామ.

అమ్మ తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. కోపం లేదు. చిన్నప్పుడు చంకలో ఉన్నవాడికి నచ్చజెప్పినట్టు, మెల్లగా అంది:

"వాన వెలిసినంక పోసుకుంట తీయ్, తమ్మీ."

వాకిట్లో ఎండ మండిపోతోంది. మామ దోసిలి అట్లాగే పట్టుకుని నిలబడి ఉండగానే అమ్మ పీట మీద నుంచి లేచి, తల్లి పోసిన బియ్యం మాత్రం కట్టుకుని, మా ఇద్దరినీ రమ్మని, వచ్చిన బాటనే బయలుదేరింది.